ఎడమవైపు ఎముక

ఎముకను పోగొట్టిన విద్యార్థికి ఉత్తీర్ణత లేదు. ఈ నియమం కళాశాల వారిది కాదు, నాది. పన్నెండేళ్ల పాటు దాన్ని నా చేతిరాతతో ప్రయోగశాల తలుపు మీద అంటించి ఉంచాను. 1967 వేసవి వరకు దాన్ని అమలు చేయవలసిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

అయోవాలో మాది చిన్న కళాశాల. వైద్య విద్యకు దరఖాస్తు పెట్టదలచినవారు ముందుగా పూర్తిచేయవలసిన రసాయన, భౌతిక, జీవశాస్త్ర పాఠాలన్నీ మా దగ్గర ఉండేవి. వేసవిలో ఎనిమిది వారాలు సాగే ఎముకల పాఠం నాది. మొదటిరోజు ప్రతి విద్యార్థీ సంతకం చేసి ఒక చెక్కపెట్టె తీసుకుంటాడు. అందులో సగం మనిషి ఉంటాడు: పుర్రె, వెన్నుపూసలు, ఒకవైపు చేయి, ఒకవైపు కాలు. ఆ రోజుల్లో ఆ ఎముకలు కలకత్తా నుంచి ఓడలో వచ్చేవి. తెల్లగా, సుద్దలాగా తేలికగా, ఏ వాసనా లేకుండా ఉండేవి. పెట్టెను ఇంటికి తీసుకుపోయి చదువుకోవచ్చు. ఎనిమిదో వారం చివర మాత్రం ప్రతి ఎముకనూ నా ఎదుట పళ్లెంలో పేర్చి అప్పగించాలి.

పరీక్షకు నేను వాడే సాధనం ఒక పిండిసంచి. విద్యార్థి కళ్లు మూసుకుని సంచిలో చేయి పెట్టి, చేతికి తగిలిన ఎముక పేరు, అది కుడివైపుదో ఎడమవైపుదో చెప్పాలి. రోగి ఎముక వైద్యుడికి కనబడదు, వేళ్లకు తగులుతుంది. అందుకని మా విద్యార్థులకు ఒక అలవాటు ఉండేది. రోజుకొక ఎముకను జేబులో వేసుకుని, భోజనం దగ్గరా, ప్రార్థన దగ్గరా బొటనవేలితో తడుముతూ తిరిగేవారు.

ఆ వేసవి ఆర్డిస్ హౌగెన్ అనే విద్యార్థిని మా ఇంట్లో మేడమీది గదిలో ఉండేది. పందులు పెంచే రైతు కూతురు. గట్టి భుజాలు, పెద్ద అంగలు. ఆరేళ్లలో మా కళాశాల నుంచి వైద్య విద్యకు దరఖాస్తు పెడుతున్న మొదటి ఆడపిల్ల ఆమె. దరఖాస్తుకు కళాశాల సంఘం ఒక సిఫారసు ఉత్తరం రాయాలి. ఆ సంఘం అధ్యక్షుడు జూన్‌లోనే నాతో నవ్వుతూ అన్నాడు: "రేపోమాపో పెళ్లి చేసుకునే పిల్లకి ఆ ఉత్తరం ఎందుకండీ ఓక్స్ గారూ? మీ పాఠంలో ఒక్క మచ్చ పడనివ్వండి, నాకు శ్రమ తగ్గుతుంది."

ఇంట్లో అమ్మ, నేను. అమ్మ పేరు ఒర్ఫా. ఆమెకు అరవై నాలుగేళ్లు, రెండు కళ్లలోనూ శుక్లాలు. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న ఆరెగాన్ అడవుల్లో దుంగల పనికి వెళ్లి అక్కడే చనిపోయాడు. భోజనాల గదిలో ఆయన ఫోటో ఉంది. ఎడమభుజం కాస్త కిందికి వాలి ఉంటుంది.

ఆర్డిస్‌కు చదువు చెప్పింది నేనే అయినా, అప్పజెప్పించుకున్నది అమ్మ. మధ్యాహ్నం వంట అయ్యాక ఒళ్లో పిండిసంచి పెట్టుకుని కూర్చునేది.

"ఇవాళ ఎవర్ని వేశారు అమ్మగారూ సంచిలో?"

"నాకేం తెలుసే? నాకు కళ్లా కనబడవు. చేయి పెట్టు."

"మోచేతి ఎముక... కుడిది."

"నీ పెట్టెలో అన్నీ కుడివేగా! ఆ మాత్రం నేనూ చెప్తాను. ఏరా హార్లన్, ప్రయోగశాల నుంచి నాలుగు ఎడమవి తెచ్చి ఇందులో పడెయ్యరాదూ? లేకపోతే ఇది దొంగచదువు."

"అవి కళాశాల సొత్తమ్మా. ఎవరి పెట్టె వారిదే."

"విన్నావుటే? తల్లి అడిగినా అంతే."

ఆర్డిస్ నవ్వేది. అమ్మ కూడా ఆ ఎముకల పేర్లన్నీ నేర్చుకుంది. కళ్లు పోతున్నకొద్దీ ఆమె వేళ్లకు చూపు వస్తున్నదని నాకు అనిపించేది. ఒకరోజు ఆ పుర్రెను అరచేతుల్లో పెట్టుకుని ఉన్నట్టుండి అడిగింది.

"ఈయనకి పెళ్లాం ఉందంటావా?"

"ఉండే ఉంటుందమ్మగారూ."

"ఈయన ఎక్కడికి పోయాడని చెప్పి ఉంటారో ఆమెకి."

అయిదో వారం నదికి వరద వచ్చింది. పాఠాలు ఆపి విద్యార్థులందరినీ వంతెన దగ్గర ఇసుక బస్తాలు నింపడానికి పంపాము. ఆర్డిస్ వాళ్ల నాన్న పొలం బట్టలు వేసుకుని రెండు రోజులు మోకాలి లోతు నీళ్లలో పనిచేసింది. మూడోనాటికి నీరు తీసింది. మొక్కజొన్న చేలల్లో చేపలు తెల్లటి పొట్టలు చూపిస్తూ పడి ఉన్నాయి. పట్టణమంతా బూడిదరంగు బురద, దాని వాసన.

నది ఎగువన నాలుగు మైళ్ల దూరంలో కౌంటీ వారి పేదల ఆశ్రమం ఉంది. దిక్కులేనివారిని, మతి చెదిరినవారిని అక్కడ ఉంచి, చేతనైనంత పొలం పని చేయించేవారు. చనిపోతే పేరు లేకుండా, అంకె చెక్కిన సిమెంటు దిమ్మ కింద పూడ్చేవారు. నేను అక్కడికి జీవితంలో ఒకేసారి వెళ్లాను, 1947లో క్రిస్మస్ ముందు, కళాశాల గాయక బృందంతో. ఇప్పుడు నది ఆ శ్మశానపు గట్టును కోసుకుపోయిందని పట్టణంలో చెప్పుకున్నారు.

మరుసటి వారం అది మొదలైంది.

సోమవారం మధ్యాహ్నం. ఎండ తెల్లగా కాస్తోంది, గాలి లేదు. నేను బల్ల దగ్గర పత్రిక చదువుతున్నాను. ఆర్డిస్ తన ఎముకలను సంచిలో పోసి అమ్మకు ఇచ్చింది. ఆమె రెండు రోజులుగా పెద్దగా మాట్లాడటం లేదు. అలసట అనుకున్నాను.

అమ్మ సంచిలో చేయి పెట్టి కలిపింది. ఎముకలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆ చప్పుడు ఆగిపోయింది. నేను తల ఎత్తాను. అమ్మ చేయి మణికట్టు దాకా సంచిలో ఉంది, కదలడం లేదు. బొటనవేలు మాత్రం గుడ్డ కింద ముందుకూ వెనక్కూ కదులుతోంది.

"ఇది కొత్తది," అంది.

"లేదమ్మగారూ," అంది ఆర్డిస్. "పాతదే."

"బరువుగా ఉంది."

"వాన కదా. చెమ్మ."

అమ్మ సంచి తిరిగి ఇచ్చేసి, లేచి, భోజనానికి పళ్లేలు పెట్టింది. మేము ముగ్గురం. నాలుగు పెట్టింది.

"ఎవరైనా వస్తున్నారా అమ్మగారూ?"

"వస్తే ఉంటుందని."

ఆ తరువాత జరిగినదాన్ని నేను చూసినంత, విన్నంత మాత్రమే రాస్తాను. మా వెనకగుమ్మం మెట్టు పక్కన, పొలం నుంచి వచ్చేవారు బూట్లకు అంటిన మట్టిని గీకడానికి నేలలో పాతిన ఇనుపపట్టీ ఒకటి ఉంది. మాకు పొలం పోయి ఎన్నో ఏళ్లయింది. దాన్ని ఎవరూ వాడరు. మంగళవారం సరిగ్గా పన్నెండు గంటలకు, మేము కూర్చోబోతుండగా, ఆ పట్టీ మీద ఎవరో బూటు గీకిన చప్పుడు వినబడింది. ఒకసారి. కొంచెం ఆగి, రెండోసారి. అమ్మ లేచి వెనకతలుపు తెరిచింది. బయట ఎవరూ లేరు. ఆమె తలుపు తెరిచే ఉంచి, తిరిగి వచ్చి, కాఫీ పోసింది. నాలుగు కప్పుల్లో.

"పక్కింటివారు ఎవరైనా అయి ఉంటారు," అన్నాను.

అమ్మ నాలుగో కప్పును ఖాళీ కుర్చీ ముందుకు జరిపింది.

బుధవారమూ అంతే. భోజనమయ్యాక నేను వెళ్లి పట్టీని పరిశీలించాను. దాని అంచు మీద వేలెడు మందాన బూడిదరంగు బురద ఉంది. తడిగా ఉంది. పెరడంతా ఎండిపోయి బీటలు వారి ఉంది. ఆ బురదను నేను తుడిచివేశాను. గురువారం మళ్లీ ఉంది. వంటగదిలో కర్పూరం, టర్పెంటైన్ కలిసిన ఘాటు వాసన, గుర్రాల కాళ్లకు రుద్దే తైలం వాసన. మా ఇంట్లో గుర్రం ఉండి ముప్పై ఏళ్లు దాటింది.

"అమ్మా, ఈ వాసన ఎక్కడిది?"

"నీకూ వస్తోందా?" అంది అమ్మ. సంతోషించినట్టే అనిపించింది.

అలా రెండు వారాలు గడిచాయి. నేను అన్ని కారణాలనూ ఆలోచించాను. ఏదీ నాకు నచ్చలేదు.

ఎనిమిదో వారం శుక్రవారం ఉదయం ఆర్డిస్ పెట్టె అప్పగించడానికి ప్రయోగశాలకు వచ్చింది. ఎముకలను పళ్లెంలో వరుసగా పేర్చింది. నేను జాబితాలో ఒక్కొక్కటీ గుర్తు పెడుతూ జత్రుక దగ్గరకు వచ్చాను. మెడ కింద, రొమ్ము నుంచి భుజానికి అడ్డంగా వంకులు తిరిగి ఉండే ఎముక అది. మిగిలినవన్నీ తెల్లగా ఉన్నాయి. ఇది తేనీటి రంగులో ఉంది. ఎప్పుడో మధ్యలో విరిగి, రెండు ముక్కలూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి అతుక్కోవడంతో, నడుమ పెద్ద ముడి తేలింది.

"ఇది ఎక్కడిది?"

"పెట్టెలోదే సర్."

"ఏ వైపుది?"

"కుడి."

"కళ్లు మూసుకుని మళ్లీ చెప్పు."

ఆమె కళ్లు మూసుకుంది. వేళ్లు ఎముక పైభాగం మీదుగా పోయాయి, అడుగుకు తిరిగాయి, బల్లపరుపు చివర దగ్గర ఆగాయి.

"ఎడమ."

ఎనిమిది వారాలూ ఆమె చేతులు ఎరిగినది కుడి ఎముకలనే. ఆ ముడి వంకును చెడగొట్టింది. తొందరలో ఉన్న మరే విద్యార్థి అయినా అదే పొరపాటు చేసేవాడు.

"బస్తా ఎత్తుతుంటే జేబులోంచి జారిపోయింది సర్," అంది. "నీళ్లలో పడ్డం చూశాను. చేయి కూడా చాపాను."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"తలుపు మీద రాసింది చదివాను కనక."

నేను కలం కింద పెట్టాను.

"నీళ్లు తీశాక వెతుకుదామని వంతెన నుంచి ఒడ్డు వెంబడే పైకి పోయాను. కిందికి కొట్టుకుపోయేది పైన దొరకదని తెలుసు. అయినా కాళ్లు అటే పోయాయి. ఆశ్రమం గట్టు కింద బురదలో ఒక్కటే ఉంది. శుభ్రంగా. నాకోసం ఎవరో కడిగి పెట్టినట్టు. పేరైనా లేనివాళ్లు, ఎవరడుగుతారులే అనుకున్నాను."

"పెట్టెలోని ఆయనకు మాత్రం పేరు ఉందా?"

"అదే సర్. అదే ఆలోచిస్తున్నా అప్పటినుంచి." ఆమె గొంతు తగ్గించింది. "పన్నెండింటికి ఆ చప్పుడు మీకూ వినబడుతోంది కదా?"

"చప్పుడుకు కారణం ఉండి తీరుతుంది."

"ఉంది సర్. ఇదే." పళ్లెంకేసి చూసింది. "నన్ను ఫెయిల్ చేస్తారా?"

"సాయంత్రం చెబుతాను," అన్నాను. ఎముకను చేతిరుమాలులో చుట్టి కోటు జేబులో పెట్టుకున్నాను. నడుస్తున్నంతసేపూ నా బొటనవేలు ఆ ముడి మీదే ఉందని ఇల్లు చేరాక గమనించాను.

అమ్మ బల్ల దగ్గర కూర్చుని ఉంది. నాలుగు పళ్లేలు. వెనకతలుపు తెరిచి ఉంది. నేను ఇంకా టోపీ తీయలేదు.

"తెచ్చావా?" అంది.

"ఏమిటమ్మా?"

"ఇటియ్యి."

ఇచ్చాను. ఆమె రుమాలు విప్పి ఎముకను ఒళ్లో పెట్టుకుంది.

"ఇదుగో, ఇక్కడ విరిగింది. ఎర్రగుర్రం తన్నింది. దారంతా మంచు, డాక్టరు రాలేకపోయాడు. నేనే తైలం రాసి దుప్పటి చింపి కట్టు కట్టాను. వంకరగా అతుక్కుంది. నాకు చేతకాలేదు."

"అమ్మా, మనిషిలో అన్నిటికంటే తరచుగా విరిగే ఎముక ఇదే. ఈ కౌంటీలో సగంమంది రైతులకు ఇలాగే ఉంటుంది."

"నీ పాఠం నాకు చెప్పకు."

"నాన్న చనిపోయింది ఆరెగాన్‌లో."

అమ్మ గిన్నె నాకేసి జరిపింది. "బఠాణీలు వేసుకో, చల్లారిపోతాయి. ఆశ్రమం దిమ్మ నూటపన్నెండు. నదివైపు నుంచి రెండో వరస."

నేను వేసుకున్నాను.

"ఆ తన్నుకి తల కూడా తగిలింది. మాట్లాడ్డం మానేశాడు. చేలో నుంచుంటే పొద్దుగూకేదాకా అలాగే నుంచునేవాడు. ఒకనాడు నిన్ను కూడా పక్కన నుంచోబెట్టుకున్నాడు, మంచులో. నీకు గుర్తులేదు. నేనే ఆశ్రమానికి తీసుకెళ్లి సంతకం పెట్టొచ్చాను. నీకు ఆరెగాన్ అని చెప్పాను."

"ఎన్నాళ్లు ఉన్నాడు?"

"పదకొండేళ్లు. గురువారం గురువారం గుడ్లమ్మడానికి పోయేదాన్నిగా. గుడ్లమ్మడానికి నాలుగు మైళ్లు ఎవరు నడుస్తారురా?"

గుమ్మం అవతల ఎండ కదలకుండా నిలబడి ఉంది. పన్నెండు దాటి పది నిమిషాలైంది. ఇనుపపట్టీ నుంచి ఏ చప్పుడూ రాలేదు.

"ఒక క్రిస్మస్‌కి నువ్వొచ్చి పాడావట," అంది అమ్మ. "ఒక పాట నువ్వొక్కడివే పాడావట. ఆ గురువారం మాత్రం నోరు విప్పి చెప్పాడు. గొంతు మా వాళ్లదే అన్నాడు. నీకు చెప్పమన్నాడో వద్దన్నాడో, అది మాత్రం చెప్పలేదు."

ఆశ్రమం గదిలో బెంచీల మీద బూడిదరంగు కోట్లు వేసుకున్న మగవాళ్లు వరుసలుగా కూర్చున్నారు. ఉడికిన క్యాబేజీ వాసన నాకు గుర్తుంది. ఒక్క ముఖం కూడా గుర్తులేదు. పాడేటప్పుడు శ్రోతల తలల మీదుగా వెనకగోడను చూడాలని మాకు నేర్పారు. వాళ్లు నేర్పినట్టే నేను చేసేవాణ్ణి.

బఠాణీలు పూర్తిగా తిన్నాను.

మరునాడు ఉదయం ముగ్గురం ఆశ్రమానికి వెళ్లాము. కారు నేను నడిపాను. ఆర్డిస్ అమ్మ చేయి పట్టుకుని చేలగట్టు మీద నడిపించింది. నూటపన్నెండు లేదు. తొంభై నుంచి నూటముప్పై దాకా దిమ్మలేవీ లేవు. వాటి స్థానంలో గాలి, కింద నది ఉన్నాయి. బయటపడిన ఎముకలన్నిటినీ కౌంటీవారు ఏరి దూరంగా ఒకే గుంటలో వేశారు. ఒక ముసలి పనివాడు దాని మీద మట్టి సర్దుతున్నాడు.

"చూడ్డానికొచ్చారా?" అన్నాడు. "వరదయినప్పటినుంచి ఒకటే జనం. మీకు ఇక్కడ ఎవరూ ఉండర్లెండి, మిమ్మల్ని చూస్తేనే తెలుస్తోంది."

నేను టోపీ తీశాను. "ఉన్నారు. మా నాన్న."

అతను పార ఆపి, నన్నూ, నా బూట్లనూ చూసి, పక్కకు తప్పుకున్నాడు.

"ఇక్కడ కలిపేద్దామా అమ్మా?"

"పదకొండేళ్లు అందరితో కలిసే ఉన్నాడు," అంది అమ్మ. ఎముకను నడుముకు కట్టుకున్న అప్రాను జేబులో వేసుకుంది. "చాల్లే."

ఆర్డిస్ గట్టు అంచున నిలబడి నీళ్లకేసి చూస్తోంది.

"సర్, నాది... పెట్టెలో ఆయనది... ఇక్కడికే వచ్చి ఉంటుందా?"

"నది పైకి ప్రవహించదు," అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అమ్మ ఒకే మాట అంది. "ఆ పిల్ల మీద రాయకు."

"ఉన్నది రాస్తానమ్మా."

సోమవారం ప్రయోగశాలలో ఆర్డిస్ ఎదుటే రిజిస్టరు తెరిచాను. కుడి జత్రుక, వరదసేవలో ఉండగా నదిలో పోయినది, అని సిరాతో రాశాను. దాని స్థానంలో మరొక ఎముకను పెట్టి, మళ్లీ అడిగినప్పుడు నిజం చెప్పినది, అని రాశాను. తలుపు మీది కాగితాన్ని గోటితో గీకి తీసివేశాను. పన్నెండేళ్ల జిగురు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. సంచి పరీక్షలో ఆమెకు నలభైకి నలభై వచ్చాయి. ఎడమను కుడి అన్నందుకు ఒకటి తగ్గించాను.

"న్యాయమే సర్," అంది ఆర్డిస్, ఏడుస్తూనే నవ్వుతూ.

సంఘం అధ్యక్షుడు రిజిస్టరు చూసి ఊరుకోలేదు. "దొరికిందిగా మచ్చ! మీ నియమం ఏమైందండీ?"

"తీసివేశాను. సిఫారసు ఉత్తరం నేను రాస్తాను. అందులో ఈ సంగతి కూడా ఉంటుంది. దాని కింద మీరు సంతకం చేస్తారు."

చేశాడు. పై ఏడాది శరత్కాలంలో ఆమె వైద్య కళాశాలలో చేరింది.

ఆ శుక్రవారం తరువాత ఇనుపపట్టీ మీద చప్పుడు మళ్లీ వినబడలేదు. అమ్మ ఆ ఎముకను ఏడేళ్లు అప్రాను జేబులో పెట్టుకునే తిరిగింది. వంట దగ్గరా, ప్రార్థన దగ్గరా ఆమె బొటనవేలు జేబులో కదులుతూ ఉండేది, మా విద్యార్థులకు లాగే. అది నాన్నదేనా అంటే నేను చెప్పలేను. ఒక్క ముడిని బట్టి మనిషిని గుర్తించవచ్చునని ఏ విద్యార్థి అయినా రాస్తే, ఆ జవాబును నేను కొట్టివేసేవాణ్ణి.

1974 మార్చిలో అమ్మ పోయింది. శవపేటికలో ఆమె చేతులు సర్దింది నేనే. ఆర్డిస్ ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది, అప్పటికి డాక్టర్ హౌగెన్. పేటిక దగ్గర చాలాసేపు నిలబడింది. తరువాత కళ్లు మూసుకుని, అమ్మ చేతుల మీది బట్ట కింద తన చేయి పెట్టింది.

"ఎడమ, సర్."

"సరైన జవాబు," అన్నాను.

మరునాడు మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కడినే ఉన్నాను. మంచు కరిగి పెరడు తడిగా ఉంది. పన్నెండు గంటలకు వెనకగుమ్మం దగ్గర ఇనుపపట్టీ మీద ఎవరో బూటు గీకారు. ఒకసారి. కొంచెం ఆగి, రెండోసారి. లేచి తలుపు తెరిచి, తెరిచే ఉంచాను. తిరిగి వచ్చి బల్ల మీద పళ్లేలు పెట్టాను. నాకు, అమ్మకు, నాన్నకు మూడు. కాసేపు ఆలోచించి, జత్రుక మా నది అడుగున ఎక్కడో ఉండిపోయిన, పెట్టెలోని ఆ పేరు తెలియని ఆయనకు నాలుగోది పెట్టాను.